శబరిమల వెళ్తున్నాం, పిల్లాడితో పంబలో మునకలు వేయించొచ్చా? మెదడు తినే అమీబా గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

కన్నెస్వామి_నాన్న, గుంటూరు

స్వామి శరణం. నాది ఇది ఏడో మాల, ఈసారి మావాడు కూడా వేసుకున్నాడు, తొమ్మిదేళ్ళు, కన్నెస్వామి. ఈ నెల 18న మినీ బస్సులో పద్నాలుగు మందిమి బయల్దేరుతున్నాం. ముందు రామేశ్వరం, అక్కణ్ణుంచి పళని, గురువాయూర్, తర్వాత ఎరుమేలి, పంబ, సన్నిధానం.

మొన్న మా వీధిలో పడిపూజ జరుగుతుంటే ఎవరో ఫోన్‌లో వీడియో చూపించారు, కేరళలో మెదడు తినే అమీబా, స్నానం చేస్తే చచ్చిపోతారు అని. అది మా ఆవిడ చూసింది, ఇంకంతే, ఆ రాత్రి నుంచి ఇంట్లో ఒకటే గొడవ, మీరు వెళ్తే వెళ్ళండి పిల్లాణ్ణి మాత్రం పంపను అంటది. మా గురుస్వామి గారినేమో అడిగితే భారం అయ్యప్ప మీద వేసి మూడు మునకలు వెయ్యి, ఏ అమీబా ఏం చేయదు అన్నారు. ఆయన మాట కాదనలేను, ఈవిడకి సర్దిచెప్పలేను.

నేను నిజంగా అడిగేది ఏంటంటే, ఇది నీళ్ళు తాగితే వస్తుందా, ఒంటికి తగిలితే వస్తుందా, పంబలోనే ఉంటుందా లేక దారిలో రామేశ్వరం బావుల దగ్గర, గురువాయూర్ కోనేరు దగ్గర కూడా భయపడాలా? మాల వేసుకున్న పిల్లాడికి స్నానం వద్దని చెప్పలేం కదా. దయచేసి వాట్సాప్ ఫార్వర్డ్‌లు పెట్టొద్దు, అవి ఇప్పటికే నలభై చూశాను.

గోదారోడు

ఏం కాదు సార్ వెళ్ళిరండి. 2015 పుష్కరాల్లో కోట్ల మంది మునిగారు మా గోదాట్లో, ఎవరి మెదడు ఎవరు తిన్నారు? ఈ టీవీ వాళ్ళకి వానాకాలం డెంగ్యూ, చలికాలం అమీబా. మళ్ళీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి, అప్పుడు ఇంకో పురుగు తెస్తారు చూడండి.

న్యూరో_పీజీ

గోదారోడు గారు సగం కరెక్ట్, ఇది చాలా చాలా అరుదు. ఈ అమీబా వెచ్చటి, ఉప్పులేని నీళ్ళున్న చోట, తడి మట్టిలో మామూలుగానే ఉంటుంది, చాలామంది రక్తంలో దానికి యాంటీబాడీస్ దొరుకుతాయి, అంటే తెలియకుండానే దాన్ని ఎదుర్కొని ఏమీ కాకుండా బతికేస్తున్నారని అర్థం. కానీ వచ్చిందంటే మాత్రం ప్రపంచం మొత్తం మీద లెక్క తీస్తే వందకి 97 మంది పైనే పోతున్నారు. అమెరికాలో 1962 నుంచి 2023 దాకా 164 మందికి వస్తే బతికింది నలుగురే. అందుకే దీన్ని నవ్వుతాలుగా తీసుకోవద్దు, అలాగని ట్రిప్ క్యాన్సిల్ చేసుకోవాల్సినంత భయమూ అక్కర్లేదు.

గుంటూరు స్వామీ, మీ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు: ముక్కు. తాగితే రాదు, ఒంటికి తగిలితే ఈ రకం రాదు, పక్కవాడికి ఉంటే మనకి అంటుకోదు. నీళ్ళు ముక్కులోకి జివ్వున ఎక్కి నుదురు దాకా మండుతుంది చూడండి, మునిగినప్పుడు గానీ గట్టు మీంచి దూకినప్పుడు గానీ, అప్పుడే ప్రమాదం. ముక్కు పైభాగంలో ఒక పల్చటి ఎముక ఉంటుంది, జల్లెడలాగా చిల్లులు చిల్లులుగా. వాసన తెలిసే నరాలు ఆ చిల్లుల్లోంచే మెదడు నుంచి ముక్కులోకి దిగుతాయి. ఈ అమీబా, దీని అసలు పేరు నేగ్లేరియా ఫౌలెరి, మామూలుగా నీళ్ళలో బ్యాక్టీరియాని తింటూ బతుకుతుంది, ముక్కు పైదాకా చేరిందంటే ఆ నరాన్నే పట్టుకుని పాకుతూ పైకి వెళ్ళిపోతుంది. అక్కడ కణాల్ని నాశనం చేస్తుంది, దాంతోపాటు మెదడు విపరీతంగా వాస్తుంది, మనిషిని ఎక్కువగా చంపేది ఆ వాపే. ఫౌలెరి అన్న పేరు ఆస్ట్రేలియాలో అడిలైడ్ డాక్టర్ ఫౌలర్‌ది, 1965లో ఆయన, కార్టర్ అనే ఇంకో డాక్టర్ కలిసి మొదటి కేసులు రాశారు.

వేడంటే దీనికి ఇష్టం, 46 డిగ్రీల దాకా హాయిగా పెరుగుతుంది. ఉప్పు సముద్రంలో బతకదు కాబట్టి రామేశ్వరం అగ్నితీర్థంలో స్నానానికి ఈ భయం లేదు. డిసెంబర్ తెల్లవారుజామున పంబ ఐసులాగా ఉంటుంది, పైగా పారే నీళ్ళు, కాబట్టి ఎండకి కాగిన చెరువు కంటే నయమే. కానీ నయం అన్నానంటే అసలు లేదని కాదు. 2025 సీజన్ మొదలవ్వకముందు నవంబర్‌లో కేరళ ఆరోగ్యశాఖే భక్తులకి చెప్పింది, నదిలో స్నానం చేసేటప్పుడు ముక్కులోకి నీళ్ళు పోకుండా చూసుకోండి అని. స్నానం మానమని చెప్పలేదు గమనించండి.

అబ్బాయి చేత వేళ్ళతో ముక్కు గట్టిగా మూయించి మునగనివ్వండి, లేదా ఈతకొట్టేవాళ్ళు పెట్టుకునే నోస్ క్లిప్ కొనండి, అంతకన్నా గొప్ప మందేం లేదు. తల మునగకుండా మెడ దాకా దిగి చెంబుతో పోసినా నాకు తెలిసి అయ్యప్ప ఏమీ అనుకోడు, కానీ అది మీ గురుస్వామి గారు చెప్పాలి, నా సబ్జెక్ట్ కాదు.

కరీంనగర్_పోరడు

అన్నా నాకు ఇప్పుడు భయం షురూ అయింది. మేం చిన్నప్పటి సంది వ్యవసాయ బాయిలనే ఈత నేర్చుకున్నం, నడుముకు బెండ్లు కట్టి మా మామ పైనుంచి తోసేసెటోడు, ముక్కుల నోట్ల నీళ్ళు వోయి కండ్లు ఎర్రగయ్యేదాంక. ఎండకాలం బాయిల నీళ్ళు కిందికి వోయి అడుగున బురద తేలేది, ఆ బురదలనే దుంకుడు. ఇప్పుడు మా అన్న పిల్లలు గూడ గదే బాయిల దుంకుతున్నరు. బంజేయమనాల్నా?

న్యూరో_పీజీ

తమ్ముడూ ఈత బంద్ చేయించొద్దు, ఈత రాక బావుల్లో పోయే పిల్లలే దీనికన్నా చాలా ఎక్కువ. కానీ నువ్వు చెప్పిన సీన్ ఉంది చూడు, ఎండాకాలం, అడుగంటిన నిల్వ నీళ్ళు, కలియబెట్టిన బురద, పైనుంచి కాళ్ళు కిందికి పెట్టి దూకడం, ఇదంతా కలిపి అమీబాకి పిలిచి పీట వేసినట్టే. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు ఈదమను, మెట్ల మీంచి దిగమను, దూకితే ముక్కు పట్టుకుని దూకమను.

బెజవాడ_ల్యాబ్

నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్ని, పన్నెండేళ్ళ సర్వీసు. మెదడు కేసు నా చేతి మీదుగా ఒక్కటీ చూడలేదు, కానీ దీని చుట్టం అకాంథమీబాని కంటి శాంపిల్స్‌లో చూశాను, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళకే కాదు, పొలంలో కంట్లో నలక పడితే కాలవ నీళ్ళతో కడుక్కున్నవాళ్ళకి కూడా వస్తుంది. దాన్ని పెంచడం ఎలాగో చెప్తే మీకు నవ్వొస్తుంది. పోషకాలేమీ లేని ఉత్త అగార్ ప్లేట్, అంటే జెల్లీలాంటిది పోసిన పళ్ళెం, తీసుకుని దాని మీద ఈ.కోలి అనే బ్యాక్టీరియాని పల్చగా పరుస్తాం, విస్తరేసి అన్నం పెట్టినట్టు. మధ్యలో శాంపిల్ పెడితే ఒకటి రెండు రోజులకి అమీబా తింటూ పోయిన దారి కనిపిస్తుంది, మంచు మీద ఎవరో నడిచినట్టు బాటలు బాటలుగా.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మెదడువాపు అనుమానంతో నడుము దగ్గర సూదితో వెన్నునీరు తీసినప్పుడు అందులో నేగ్లేరియా ఉంటే స్లైడ్ మీద వెంటనే చూస్తే కదులుతూ కనిపిస్తుంది, ఒక పక్కకి ఉబ్బి అటు జారిపోతుంటుంది. కానీ ఆ శాంపిల్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చల్లబడితే అది కదలడం మానేస్తుంది, కదలకపోతే తెల్ల రక్తకణంలాగే ఉంటుంది, ఎవరూ గుర్తుపట్టరు. చాలాచోట్ల రాత్రి తీసిన శాంపిల్ తెల్లారేదాకా ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు ఉంది, నేను పనిచేసిన ఒక చోట కూడా అంతే, ఎన్నిసార్లు చెప్పినా నువ్వు డాక్టరువా అన్నారు. చిట్టీ మీద డాక్టర్ అమీబా అనుమానం అని ఒక్క మాట రాస్తే మేం ఎంత రాత్రైనా లేచి చూస్తాం. రాయరు. ఎందుకు రాయరంటే పేషెంట్ తాలూకు వాళ్ళు చెరువులో ఈతకొట్టాడని చెప్పరు.

న్యూరో_పీజీ

ల్యాబ్ బ్రదర్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు. ఇది మామూలు మెదడువాపులాగే మొదలవుతుంది, తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, తర్వాత ఫిట్స్, మగతగా పొంతనలేని మాటలు. వెన్నునీటి రిపోర్ట్ కూడా అచ్చం బ్యాక్టీరియా మెనింజైటిస్‌లా (మెదడు పొరల వాపు) వస్తుంది, కణాలు బాగా ఎక్కువ, షుగర్ తక్కువ, కానీ ఎంత వెతికినా బ్యాక్టీరియా కనిపించదు. మేం మామూలు యాంటీబయాటిక్ మొదలుపెట్టి తగ్గుతుందేమోనని చూస్తాం, ఆ చూడటంలోనే టైమైపోతుంది. నీళ్ళు ముక్కులోకి పోయాక 1 నుంచి 12 రోజుల్లో లక్షణాలు మొదలవుతాయి, మొదలయ్యాక మనిషి ఉండేది సగటున ఐదు రోజులు.

2024 జూలైలో కోజికోడ్ జిల్లాలో ఒక పద్నాలుగేళ్ళ అబ్బాయి బతికాడు, మన దేశంలో దీన్నుంచి బయటపడిన మొదటి కేసు అన్నారు. వాళ్ళ నాన్న అంతకుముందే ఈ జబ్బు గురించి సోషల్ మీడియాలో చదివున్నాడట, పిల్లాడికి ఫిట్స్ రాగానే ఆసుపత్రికి తీసుకెళ్ళి చెరువులో ఈత కొట్టిన సంగతి డాక్టర్లకి చెప్పేశాడు. దాంతో వాళ్ళు నేరుగా ఆ దారిలోనే వెళ్ళారు. మందుల్లో మిల్టెఫోసిన్ అని ఒకటి ఉంది, ఒకప్పుడు బీహార్‌లో కాలా అజార్ అనే జ్వరానికి వాడింది. ఆ ఏడాదే కేరళ ప్రభుత్వం దాన్ని జర్మనీ నుంచి తెప్పించుకుంది. ఆంఫోటెరిసిన్, రిఫాంపిసిన్, అజిత్రోమైసిన్ లాంటివి దాంతో కలిపి ఇస్తారు.

డల్లాస్_రావు

అందరూ ఇదేదో కేరళ జబ్బు అనుకుంటున్నారు, మా టెక్సాస్‌లో ప్రతి ఎండాకాలం ఇదే గోల. 2021లో ఆర్లింగ్టన్‌లో పిల్లలు ఆడుకునే నీళ్ళ ఫౌంటెన్లు ఉంటాయి కదా స్ప్లాష్ ప్యాడ్ అని, అక్కడ ఆడి ఒక చిన్న పిల్లాడు చనిపోయాడు, నీళ్ళలో క్లోరిన్ సరిగ్గా లేక. మా తెలుగువాళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే చాలు లేక్ దగ్గరకి బిర్యానీ డబ్బాలతో దిగిపోతారు, నేనైతే మా అమ్మాయికి నోస్ క్లిప్ లేకుండా దిగనివ్వను, స్కూల్లో ఫ్రెండ్స్ నవ్వుతున్నారని ఏడుస్తుంది, ఏడవనీ.

ఇంకోటి, యోగా చేసేవాళ్ళకి. జలనేతి చేస్తారు చూశారా, కొమ్ము చెంబుతో ఒక ముక్కులోంచి పోసి రెండో దాంట్లోంచి తీయడం, అది కుళాయి నీళ్ళతో అస్సలు చేయొద్దు. 2011లో లూసియానాలో ఇద్దరు అలాగే పోయారు, 2024లో మా టెక్సాస్‌లోనే క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగిన ఒక 71 ఏళ్ళావిడ బండి ట్యాంక్ నీళ్ళతో ముక్కు కడుక్కుని, లక్షణాలు మొదలైన ఎనిమిది రోజులకి పోయింది. కాచి చల్లార్చిన నీళ్ళు వాడండి చాలు. మా నాన్నగారు తెనాలిలో రోజూ బోరు నీళ్ళతో నేతి చేస్తారు, వీడియో కాల్‌లో చెంబు చూపించి మరీ గొప్పలు చెప్తారు, చెప్తే వినరు, ముప్పై ఏళ్ళ నుంచి చేస్తున్నాను అంటారు.

కోనసీమ_లక్ష్మి

మధ్యలో దూరుతున్నాను ఏమనుకోకండి. మా పెరట్లో నుయ్యి ఉందండి, మామగారు కట్టించింది, ఇప్పటికీ స్నానాలకి అవే నీళ్ళు. కేరళలో కోజికోడ్ దగ్గర మూడు నెలల పసిబిడ్డ పోయిందని, ఆ ఇంటి బావి నీళ్ళే కారణం అని చదివాక చంటిదానికి నీళ్ళు పోయాలంటే చెయ్యి వణుకుతుంది. బ్లీచింగ్ ఎంత వెయ్యాలో ఎవరికైనా తెలుసా? పంచాయతీ వాళ్ళనడిగితే ఒక గుప్పెడు వేసేయండమ్మా అన్నారు.

రిటైర్డ్_హెల్త్_అసిస్టెంట్

గుప్పెడు లెక్క కాదమ్మా. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళల్లో బావులకి బ్లీచింగ్ వేసినవాణ్ణి, చెప్తాను రాసుకో. ముందు నీ నూతిలో నీళ్ళెన్నో చూడాలి. తాడుకి రాయి కట్టి వదిలి నీటి లోతు మీటర్లలో కొలువు, గిలక పక్కన అడ్డంగా టేపు పెట్టి నుయ్యి వెడల్పు కొలువు. వెడల్పుని వెడల్పుతోనే గుణించు, దాన్ని లోతుతో, మళ్ళీ 3.14తో గుణించి నాలుగుతో భాగించు, వెయ్యి లీటర్లు ఎన్నున్నాయో వస్తుంది. మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల నీళ్ళు అనుకో, 28 వేల లీటర్ల చిల్లర. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్, అంటే 70 గ్రాములు. మొదటిసారి వేస్తున్నా, వరదొచ్చి పోయినా రెట్టింపు వెయ్యి, 140.

పొడి తెచ్చి నూతిలో కుమ్మరించకు, అందరూ చేసే తప్పు అదే. ఒక ప్లాస్టిక్ బక్కెట్లో ముందు ముద్దలా కలిపి, తర్వాత ముప్పావు బక్కెట్ నీళ్ళు పోసి తిప్పు. పది నిమిషాలాగితే సున్నం అడుక్కి దిగుతుంది, పైన తేటనీళ్ళు ఇంకో బక్కెట్లోకి వంపుకో, సున్నం పారబొయ్యి. ఆ తేట బక్కెట్‌కి తాడు కట్టి నీటి అడుగుదాకా దించి, పైకీ కిందకీ పక్కలకీ కుదుపు, అప్పుడే అంతా కలుస్తుంది. సాయంత్రం వేస్తే పొద్దున్నకి వాడుకోవచ్చు. బ్లీచింగ్ డబ్బా మూత తీయగానే ఘాటు ముక్కుకి కొట్టాలి, కొట్టకపోతే అది పాత సరుకు, దాంతో ముగ్గేసుకో.

చంటిదానికి మాత్రం కాచి చల్లార్చిన నీళ్ళతోనే పొయ్యమ్మా, మొహం మీద ధార పడనివ్వకు, నీ భయం తీరేదాకా.

కోనసీమ_లక్ష్మి

చాలా థాంక్సండి బాబాయ్ గారూ, రేపే కొలిపిస్తాను. మా ఆయన్ని నూతి దగ్గర నిలబెట్టి లెక్కలు చేయించడం ఒక్కటే కష్టం.

గోదారోడు

సరే నేను ఏదో సరదాకి అన్నాను. కానీ ఒక డౌట్, ప్రపంచంలో వందకి 97 పోతారంటున్నారు, కేరళలో మాత్రం 2024లో 36 కేసులకి 9 మంది, 2025 సెప్టెంబర్ మధ్యకి 69 కేసులకి 19 మంది అని పేపర్లో వేశారు. అంటే అక్కడ చాలామంది బతుకుతున్నారుగా, లెక్క కుదరట్లేదు.

న్యూరో_పీజీ

మంచి డౌట్. అక్కడ లెక్కలో నేగ్లేరియా ఒక్కటే లేదు, ల్యాబ్ బ్రదర్ చెప్పిన అకాంథమీబా కేసులు కూడా కలిపి ఉన్నాయి. అది మెల్లగా వారాలు, నెలలు పట్టి ముదురుతుంది, చర్మం మీద పుండులోంచీ, ఊపిరితిత్తుల్లోంచీ కూడా వెళ్ళగలదు, ఎక్కువగా ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గినవాళ్ళకి వస్తుంది, మందులేయడానికి కాస్త టైం దొరుకుతుంది. రెండోది, వాళ్ళు ప్రతి మెదడువాపు కేసులోనూ అమీబా ఉందేమోనని వెతుకుతున్నారు, 2024 జూలైలోనే దీనికి ప్రత్యేకంగా గైడ్‌లైన్స్ రాసుకున్నారు. అక్కడ కేసులు ఎక్కువ కనిపించడానికి ఈ వెతకడం కూడా ఒక కారణం. మన దగ్గర కారణం తెలియని మెదడువాపు అని రాసి మూసేసిన కేస్ షీట్లలో ఎన్ని ఇవి ఉన్నాయో అని నాకు డ్యూటీలో అప్పుడప్పుడు అనిపిస్తుంటుంది.

గురుస్వామి_24

స్వామి శరణం. ఇరవై నాలుగేళ్ళుగా నడుస్తున్నాను, డాక్టర్ స్వామి నా మీదకి తోశారు కాబట్టి చెప్తున్నా. స్నానం శుద్ధి కోసం, సాహసం కోసం కాదు. మా బ్యాచ్‌లో పిల్లల్ని నేను పంబలో మోకాళ్ళ లోతులో కూర్చోబెట్టి ఇత్తడి చెంబుతో మూడుసార్లు పోస్తాను, శరణుఘోష చెప్పించి. ఎవరికీ లోటు జరగలేదు. ఎరుమేలిలో పేటతుళ్ళి ఆడాక ఒంటికి రంగులుంటాయి, పిల్లలు వాగులో పడి దొర్లుతారు, అక్కడే జాగ్రత్త, కుళాయిలుంటాయి అక్కడ కడగండి. సన్నిధానం దగ్గర భస్మకుళం నిల్వ నీళ్ళు, గురువాయూర్ కోనేరూ అంతే, పిల్లాడికి కాళ్ళు కడిగి తలమీద చిలకరించండి. రామేశ్వరంలో 22 తీర్థాల దగ్గర పైన నిలబడి తోడి దభీమని తలమీద గుమ్మరిస్తారు, చెప్పేలోపే పడుతుంది. తల బాగా ముందుకి వంచి ముక్కు పట్టుకోమనండి, పైకి చూడనివ్వకండి. పిల్లలు పైకే చూస్తారు.

కన్నెస్వామి_నాన్న, గుంటూరు

అందరికీ పాదాభివందనం. మా ఆవిడకి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను, గురుస్వామి గారి మాట దగ్గర మెత్తబడింది, వెళ్ళమంది, కానీ నోస్ క్లిప్ తనే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టింది, ఒకటి కాదు రెండు, ఒకటి నాకట. మావాడు నాలుగు రోజుల నుంచి బాత్రూంలో బక్కెట్‌లో మొహం పెట్టి ప్రాక్టీసు, స్వామియే అనగానే ముక్కు మూసుకోవడం శరణమయ్యప్ప అనగానే వదలడం.

కన్నెస్వామి_నాన్న, గుంటూరు

స్వాములూ, దర్శనం బాగా అయింది, మొన్న 26న ఇంటికొచ్చి మాలలు తీశాం. కానీ ఈ రాత్రి పిల్లాడికి 102 జ్వరం, తల నొప్పి అంటున్నాడు. పంబలో క్లిప్ ఉంది. రామేశ్వరంలో ఆరో బావి దగ్గర మాత్రం క్లిప్ జారిపోయింది, ముక్కులోకి వెళ్ళి దగ్గాడు, నేను చూశాను. మా ఆవిడకి ఆ ముక్క చెప్పలేదు. ఎవరైనా ఉన్నారా?

న్యూరో_పీజీ

ఉన్నాను. గడ్డం ఛాతీకి ఆనించగలుగుతున్నాడా, వాంతులున్నాయా, లైటు వేస్తే కళ్ళు మూసుకుంటున్నాడా చూడండి. ఏదొకటి ఉంటే ఆలోచించకుండా పెద్దాసుపత్రికి. లేకపోయినా పొద్దున్నదాకా ఆగొద్దు, ఇప్పుడే పిల్లల డాక్టర్‌కి చూపించండి, వెళ్ళగానే మొదటి మాటగా ఏ తేదీన ఎక్కడ ముక్కులోకి నీళ్ళు పోయాయో చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగకండి. జ్వరాల్లో నూటికి తొంభైతొమ్మిది మామూలువే, అయినా చెప్పండి.

కన్నెస్వామి_నాన్న, గుంటూరు

మెడ వంచుతున్నాడు, వాంతుల్లేవు. బయల్దేరుతున్నాం.

కన్నెస్వామి_నాన్న, గుంటూరు

రాత్రి రెండింటికి వచ్చాం. డాక్టర్‌కి బావి సంగతి చెప్తే నవ్వుతారనుకున్నా, నవ్వలేదు, కుర్చీ దగ్గరకి జరుపుకుని తేదీ రాసుకున్నారు. గొంతు ఇన్ఫెక్షన్ అన్నారు, టాన్సిల్స్ ఎర్రగా వాచి ఉన్నాయి, బస్సులో ఇంకో ముగ్గురికి కూడా అదే అని ఇప్పుడు ఫోన్లు చేస్తే తెలిసింది. ఆరోజు నుంచి రెండు వారాలు పూర్తయ్యేదాకా కనిపెట్టుకుని ఉండమన్నారు, తేడా కనిపిస్తే అర్ధరాత్రైనా రమ్మన్నారు. ఈ పొద్దున 99కి దిగింది, ఇడ్లీ అడిగాడు. బావి సంగతి మా ఆవిడ డాక్టర్ ముందే విన్నది, ఇంకా నాతో మాట్లాడలేదు.